ఇంటి దగ్గరే కారు పని – 5వ పాఠం: ఆయిల్ మార్పిడి, నా నిర్వాకం

పోయిన పాఠంలో కారుని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టడం నేర్చుకున్నాం. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి తల పెట్టకూడదన్న సంగతి గుర్తుంది కదా? ఈ పాఠంలో కిందికి దూరి ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు మారుస్తాం. అయితే ముందుగా నేను మొదటిసారి ఈ పని ఎలా చెడగొట్టానో చెప్తాను. సరైన పద్ధతి మాన్యువల్లో ఎలాగూ ఉంటుంది. తప్పు ఎక్కడ జరుగుతుందో అందులో ఉండదు.

విజయవాడలో మా అపార్ట్‌మెంట్ పార్కింగు, ఆదివారం పొద్దున. మిగుల్చుకుందామనుకున్నది ఆరేడు వందల లేబరు ఖర్చు. కొత్త ఆయిల్, ఫిల్టరు, 17 నంబర్ రింగ్ పానా, పాత ప్లాస్టిక్ టబ్బు, కింద పరుచుకోవడానికి ఒక అట్టపెట్టె. మా ఆవిడ అడిగింది కూడా, "మెకానిక్కుని పిలిస్తే పోయేదేముంది?" అని. అరగంట పని అన్నాను.

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని మన మెకానిక్కులు చాంబర్ అంటారు. దానికి ఒక డ్రెయిన్ నట్టు ఉంటుంది. నిజానికి అది బోల్టే, కానీ అందరూ నట్టు అనే అంటారు. నట్టు తలకి ఎదురుగా ఉండి చూస్తే, గడియారం ముల్లు తిరిగే వైపు బిగింపు, ఎదురువైపు సడలింపు. ఇంతవరకు నాకూ తెలుసు. కానీ కారు కింద పడుకుని, నట్టు కనిపించక, చెయ్యి అవతలి నుంచి చుట్టూ తిప్పి పానా తగిలించాను. అలా వెనక వైపు నుంచి పట్టుకుంటే దిక్కు తారుమారవుతుంది. సడలిస్తున్నాననుకుంటూ నేను చేసింది బిగించడం.

నట్టు కదల్లేదు. తుప్పు పట్టిందనుకున్నాను. పానాకి ఒక ఇనుప గొట్టం తొడిగి, కాలితో తన్నిపట్టాను.

ఇక్కడ కాస్త లెక్క చూడండి. చిన్న పెట్రోలు కార్లలో ఈ నట్టుకి చాలావరకు 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత ఇది) బిగింపు సరిపోతుంది. కచ్చితమైన అంకె మీ కారు మాన్యువల్లో చూసుకోండి. 35 అనుకుందాం. పానా పొడవు 20 సెంటీమీటర్లైతే దాని చివర సుమారు 18 కిలోల బరువు వేలాడదీసినంత బలం, అంతే. నేను 40 సెంటీమీటర్ల గొట్టం చివర కాలు పెట్టి తన్నాను. కాలి బలం 50 కిలోలనుకున్నా 200 న్యూటన్ మీటర్ల దరిదాపుకి పోతుంది. చాంబర్ అల్యూమినియం, నట్టు ఉక్కు. రెండింట్లో ఏది ఓడిపోతుందో వేరే చెప్పాలా?

పానా ఒక్కసారిగా మెత్తబడింది. ఊడిందని సంబరపడ్డాను. నట్టు గిరగిరా తిరుగుతోంది, బయటికి మాత్రం రావడం లేదు. స్క్రూడ్రైవరు వెనక దూర్చి లాగుతూ తిప్పితే ఎట్టకేలకు వచ్చింది, నల్లటి ఆయిల్ మోచేతి దాకా కారింది. నట్టు చుట్టూ సన్నటి వెండి తీగలాంటిది చుట్టుకుని ఉంది. మురికనుకుని గుడ్డతో తుడిచేశాను. చూశారా, పాఠం అంతా ఆ గుడ్డలోనే ఉంది, నాకే కళ్లు లేవు.

ఇక ఫిల్టరు. పాతది విప్పి టబ్బులో పడేశాను, కొత్తది బిగించాను. చాంబర్ రంధ్రంలో సగం మర, అంటే నట్టు పట్టుకునే గాళ్లు, మిగిలింది కాబోలు, నట్టుకి టెఫ్లాన్ టేపు చుట్టి పెడితే ఏదో పట్టుకుంది. మూడు లీటర్లు పోశాను. కింద చుక్క కారలేదు. దర్జాగా ఇంజిన్ స్టార్ట్ చేశాను.

అయిదారు సెకన్లు గడిచాయో లేదో, వాచ్‌మన్ కేక: "సార్, ఆపండి సార్! ఆయిల్ పోతోంది!" దిగి చూస్తే ఫిల్టరు పక్క నుంచి పారుతోంది. నేల వాలు గేటు వైపు. పొద్దున్నే వేసిన ముగ్గు సగం నల్లబడింది. కింది ఫ్లాట్ పిన్నిగారు ఏమీ అనలేదు, నా వంక చూసి లోపలికి వెళ్లిపోయారు. తిడితే బాగుండేదనిపించింది.

మర్నాడు ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రిని పిలిచాను. ఆయన కారు వంక చూడలేదు. "విప్పినవి ఎక్కడున్నాయండీ?" అని అడిగారు. టబ్బులోంచి పాత ఫిల్టరు తీసి తిరగేసి చూశారు. "దీని రింగేదండీ?"

ఫిల్టరు నోటి చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. అదే ఇంజిన్ అంచుకి ఒత్తుకుని ఆయిల్‌ని ఆపుతుంది. వేడికి ఒక్కోసారి పాత రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి, ఫిల్టరు ఒక్కటే చేతికొస్తుంది. దాని మీదే కొత్తది బిగిస్తే రింగు మీద రింగు. ఇంజిన్ ఆగి ఉన్నంతసేపు అక్కడ ఒత్తిడి లేదు కాబట్టి బొట్టు కూడా కారదు. అందుకే మోసపోతాం. స్టార్ట్ చేయగానే పంపు ఆయిల్‌ని తోస్తుంది, రెండు రింగుల్లో ఒకటి జారి బయటికొస్తుంది. తర్వాత ఆయన నట్టు మరల్లో ఇంకా ఇరుక్కుని ఉన్న వెండి ముక్కని గోటితో తీసి చూపించారు. "చాంబర్ మర దీనికొచ్చేసిందండీ."

చాంబర్ దించి లేత్ షాపుకి తీసుకెళ్లి, రంధ్రం కాస్త పెద్దది చేసి, ట్యాప్ (మర చెక్కే పనిముట్టు) కొట్టి, ఉక్కు స్ప్రింగులాంటి కొత్త మర దించారు. హెలికాయిల్ అంటారు దాన్ని. పాత సైజు నట్టే మళ్లీ పడుతుంది. చాంబర్ దించకుండానే ఒక సైజు పెద్ద నట్టు కొట్టేసే పద్ధతి కూడా ఉంది. కానీ రజను లోపల పడుతుందని ఆయన ఒప్పుకోలేదు. అంతా కలిపి నాలుగు వేలు దాటింది.

ఇప్పుడు అదే పని సవ్యంగా. ఇంజిన్‌ని అయిదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా పలచబడాలి, చెయ్యి కాలేంత వేడి వద్దు. కారుని స్టాండ్ల మీద పెట్టాక పైన ఆయిల్ మూత తీయండి. కిందికి వెళ్లి, నట్టు తల కళ్లకి ఎదురుగా కనిపించేలా పడుకోండి. కనిపించకపోతే పానా వేయకండి, మీరు జరగండి. మామూలు పానాతో చిన్న కుదుపు ఇస్తే సడలాలి. సడలకపోతే ముందు అనుమానించాల్సింది దిక్కుని, తుప్పుని కాదు.

నట్టు బయటికి రాగానే తుడవకుండా వెలుతురులో చూడండి. మరల్లో వెండి మెరుపు ఉంటే అక్కడితో ఆగి మెకానిక్కుని పిలవండి. దాని వాషరు రాగిదైనా అల్యూమినియందైనా ఒకసారి నలిగితే పని అయిపోయినట్టే, కొత్తది వేయాలి. పాత ఫిల్టరు తీశాక రింగు దానితోనే వచ్చిందా అని చూసి, ఇంజిన్ అంచుని వేలితో చుట్టూ తడమండి. కొత్త రింగుకి కాస్త కొత్త ఆయిల్ పూసి, ఫిల్టరుని చేత్తోనే తిప్పండి. రింగు అంచుకి తగిలిన దగ్గర నుంచి ముప్పావు చుట్టు చాలు, ఫిల్టరు డబ్బా మీద వేరే చెప్పి ఉంటే అదే పాటించండి. నట్టుని మొదటి నాలుగు చుట్లు వేళ్లతో తిప్పాకే పానా పట్టండి.

ఆయిల్ కొలత కూడా మాన్యువల్ ప్రకారమే. ఎక్కువ పోస్తే మేలు కదా అనుకోకండి. ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు, అంటే క్రాంక్, ఆయిల్లో మునిగి చిలికితే నురగ వస్తుంది, నురగతో పంపు సరిగా తోయలేదు. స్టార్ట్ చేసేటప్పుడు ఫిల్టరు వైపు చూడటానికి పక్కన ఇంకొకరు ఉండాలి, కారు కిందికి మాత్రం దూరకూడదు. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆపి, కారు దించి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) తీసి చూసుకోండి.

పాత ఆయిల్ కాలవలో పోయొద్దు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకి వస్తుంది అది. కొత్త ఆయిల్ డబ్బాలోనే నింపి, పీపాలో పోగుచేసే గ్యారేజీకి ఇచ్చేయండి. నేల మీద ఒలికితే నీళ్లు కొట్టకండి, రంపపు పొట్టు చల్లి రాత్రంతా వదిలేసి ఊడవండి. మా పార్కింగులో నేను ముందు నీళ్లే కొట్టాను. ఆ మచ్చ ఇంకా ఉంది, కొత్తగా దిగినవాళ్లకి వాచ్‌మన్ దాని కథ చెప్తుంటాడు.

వచ్చే పాఠం లోపు ఒక అభ్యాసం చేయండి. సూట్‌కేసులు తూచే చిన్న డిజిటల్ త్రాసు తీసుకోండి. నేల మీదున్న కారు చక్రం నట్టుకి పానా తగిలించి, నట్టు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో త్రాసు కొక్కెం పెట్టి, బిగించే వైపు 18 కిలోలు చూపించేదాకా లాగండి. చక్రం నట్టు అంతకంటే గట్టిగా బిగించి ఉంటుంది కాబట్టి కదలదు. తర్వాత త్రాసు తీసేసి, కళ్లు మూసుకుని అదే బలం చేత్తో పెట్టి చూడండి. మళ్లీ త్రాసుతో సరిచూసుకోండి. నాకు మూడు రోజులు పట్టింది. వచ్చే పాఠంలో ఎయిర్ ఫిల్టరు. కారు కిందికి దూరే పని లేదు.