నాణెం ధర ఒకటి, కార్డు బిల్లు ఇంకొకటి: తేడా ఎక్కడిది, ఎలా ఆపాలి

సైట్లో చూసిన ధర ఒకటి, స్టేట్‌మెంట్ వచ్చాక కట్టాల్సింది ఇంకొకటి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆన్‌లైన్‌లో నాణేలు, స్టాంపులు, పాత నోట్లు కొనేవాళ్లలో ఈ తేడా ఎదురవ్వనివాళ్లు తక్కువ. తేడా కనబడగానే వచ్చే మాట కూడా ఒకటే: "డీలరు ఎక్కువ లాగీసినాడు." వెంటనే డీలరుకి ఘాటుగా ఒక మెసేజ్ వెళ్తుంది. నాకేమీ తెలీదని అతను అంటాడు. మంచి సరుకు ఇచ్చే మనిషితో సంబంధం అక్కడితో చెడిపోతుంది. చాలాసార్లు అతను ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకుని ఉండడు.

ఎవరినైనా తిట్టేముందు ఒక్క పని చెయ్యండి. డీలరు మెయిల్లో పంపిన బిల్లు, మీ కార్డు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టండి. ఎక్కువైన డబ్బు బిల్లులోనే ఉంటే అది డీలరు వేసింది. బిల్లులో లేకుండా స్టేట్‌మెంట్‌లో మాత్రమే ఉంటే మీ బ్యాంకు వేసింది. రెండు నిమిషాల పని ఇది. నా దగ్గరకి ఫోన్లు చేసేవాళ్లలో ఇది చూసి చేసేవాళ్లు అరుదు.

ఆ తర్వాత తేడాని రూపాయల్లో వదిలేసి శాతంలోకి మార్చండి. బ్యాంకు ఫీజు మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది కాబట్టి వచ్చే అంకెలు కొన్నే. సరిగ్గా 1.18 శాతం వస్తే 1 శాతం ఫీజు, దానిమీద జీఎస్‌టీ. 4.13 వస్తే 3.5 శాతం విదేశీ మారకం మార్కప్ (డాలర్లని రూపాయల్లోకి మార్చినందుకు బ్యాంకు వేసే అదనం), దానిమీద జీఎస్‌టీ. 2.36 వస్తే కాస్త ఆలోచించాలి. బిల్లులో కనబడితే డీలరు తన గేట్‌వే (కార్డు డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ) ఖర్చు మీమీద వేశాడు; స్టేట్‌మెంట్‌లో విడిగా కనబడితే 2 శాతం మార్కప్ ఉన్న కార్డు. ఏ పన్నూ కలవకుండా గుండ్రంగా 3 శాతం అని బిల్లులో ఉంటే అది విదేశీ డీలరు రాసిపెట్టి మరీ తీసుకునే సర్‌చార్జ్.

మన దేశపు డీలరు "కార్డు అయితే ఎక్స్‌ట్రా" అంటున్నాడు

కార్డుతో కడితే గేట్‌వే వాళ్లు డీలరు దగ్గర సుమారు 2 శాతం, పైన జీఎస్‌టీ కోసుకుంటారు. పెద్ద దుకాణాలు దాన్ని ధరలోనే కలిపేస్తాయి. వాట్సాప్ గ్రూపుల్లో అమ్మే చిన్న డీలర్లకి మిగిలేదే తక్కువ, అందుకే విడిగా అడుగుతారు. క్రెడిట్ కార్డు మీద ఈ కోతకి ఆర్‌బీఐ పరిమితి ఏమీ పెట్టలేదు. డెబిట్ కార్డు సంగతి వేరు. 2018 జనవరి 1 నుంచి దానికి గరిష్ఠం 0.90 శాతం, అదీ వెయ్యి రూపాయలు దాటకూడదు. కొనేవాడి మీద వేయకూడదు కూడా. రూపే డెబిట్ కార్డుకీ, బ్యాంకు ఖాతా నుంచి పంపే యూపీఐకీ 2020 జనవరి 1 నుంచి డీలరుకి పడే కోత సున్నా. కాబట్టి యూపీఐతో పంపినా 2 శాతం అడిగేవాడి దగ్గర కొనకండి. ఖర్చే లేనిచోట ఖర్చు చూపించేవాడు నాణెం గ్రేడు కూడా అలాగే చెప్తాడు.

పరిష్కారం యూపీఐయో, ఐఎంపీఎస్‌సో అని అందరికీ తెలుసు. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి ఉంది. డీలరు కొత్తవాడైతే, వస్తువు ఖరీదైనదైతే, ఆ 2.36 శాతం పోనిచ్చి కార్డుతోనే కట్టండి. నకిలీ వచ్చినా, అసలు పార్సిలే రాకపోయినా కార్డు బ్యాంకు దగ్గర వివాదం నమోదు చేసి డబ్బు వెనక్కి అడిగే దారి ఉంటుంది. యూపీఐలో పంపిన డబ్బుకి ఆ దారి దాదాపు లేదు. ఏళ్లతరబడి కొంటున్న మనిషికి యూపీఐ, ముఖం తెలియనివాడికి కార్డు.

రూపాయల్లోనే కట్టాను, అయినా విదేశీ చార్జీ పడింది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. దీనిమీదే తీరిగ్గా చెప్పాలి.

వంశధార ఒడ్డున మన ముఖలింగంలో, ఆనాటి కళింగనగరంలో, రాజధాని పెట్టుకుని ఏలిన తూర్పు గాంగుల బంగారు ఫణాలు మీలో చాలామందికి తెలుసు. గోరంత నాణెం. ఒకవైపు కూర్చున్న నంది, రెండోవైపు అంకుశం, దానికింద రాజు పాలనా సంవత్సరం. మన జిల్లా చరిత్ర కాబట్టి మనవాళ్లకి వీటిమీద మక్కువ. ఇవి అమెరికా, ఇంగ్లండు డీలర్ల దగ్గర కూడా అమ్మకానికి వస్తాయి. వాళ్ల సైటు తెరవగానే మీరు ఎక్కడినుంచి చూస్తున్నారో కనిపెట్టి ధర రూపాయల్లో చూపిస్తుంది. అక్కడే చిక్కు మొదలవుతుంది.

విజయనగరంలో ఒక మాస్టారు ఇలాంటి ఫణం ఒకటి తెప్పించుకున్నారు. స్టేట్‌మెంట్ పట్టుకుని వచ్చారు. మొదటి వరసలో తేదీ, డీలరు పేరు, ఊరు, చివర యూఎస్ అన్న రెండక్షరాలు, పక్కన నేరుగా రూపాయల మొత్తం. డాలర్ల అంకె ఎక్కడా లేదు. కొన్ని రోజుల తేదీ తేడాతో కింద ఇంకో వరస, డీసీసీ మార్కప్ ఫీజు. దానికింద జీఎస్‌టీ.

"మాస్టారూ, కట్టేటప్పుడు ఓటీపీ వచ్చిందా?"

"లేదు బాబూ. నంబరు కొట్టగానే అయిపోయింది. రూపాయల్లోనే కదా అని నేనూ పట్టించుకోలేదు."

ఓటీపీ రాలేదంటే అనుమానించాలి. మన దేశంలోని వ్యాపారికి ఆన్‌లైన్‌లో కార్డుతో కొత్తగా కడుతుంటే రెండో ధ్రువీకరణ తప్పనిసరి. విదేశీ వ్యాపారి చాలాసార్లు అది అడగడు. సైటు రూపాయల్లో మాట్లాడినా డబ్బు చేరేది అమెరికా బ్యాంకుకే. డాలర్లని రూపాయల్లోకి మార్చింది మాత్రం మీ బ్యాంకు కాదు, అక్కడి గేట్‌వే. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, పొట్టిగా డీసీసీ అంటారు. రేటు వాళ్లిష్టం. దానిలో వాళ్ల లాభం కలిసే ఉంటుంది, విడిగా కనబడదు. దానిపైన మీ బ్యాంకు, "వ్యాపారి విదేశంలో ఉన్నాడు కదా" అని ఇంకో ఫీజు వేస్తుంది. చాలా కార్డులకి అది 1 శాతం, పైన జీఎస్‌టీ. అంటే దెబ్బ రెండుచోట్ల. స్టేట్‌మెంట్‌లో కనబడేది చిన్నది, పెద్దది రేటులో దాక్కుని ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. నాణెం 200 డాలర్లు. లెక్క సులువుగా ఉండాలని కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) రేటు డాలరుకి 90 అనుకోండి. అసలు ధర 18,000. డాలర్లలోనే కట్టి మీ కార్డు మార్కప్ 3.5 శాతం అయితే 630, దానిమీద జీఎస్‌టీ 113, మొత్తం సుమారు 18,743. మార్కప్ 2 శాతం ఉన్న కార్డయితే 18,425. అదే సైటు చూపించిన రూపాయలకి ఒప్పుకుంటే, వాళ్ల రేటు 94 అనుకుందాం, 18,800 అవుతుంది. దానిమీద బ్యాంకు ఫీజు 188, జీఎస్‌టీ 34 కలిపితే 19,022. రూపాయల్లో కట్టడం క్షేమమనుకున్న మనిషే అందరికన్నా ఎక్కువ కట్టాడు.

ఆపడం ఎలా? కార్డు నంబరు కొట్టే పేజీ దాకా వెళ్లి, అక్కడ చివరగా చూపించే మొత్తం ఏ కరెన్సీలో ఉందో చూడండి. ముందు పేజీల్లో రూపాయలు కేవలం అంచనాగా చూపించి చివర్లో డాలర్లలో కట్ చేసే సైట్లు ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదు. చివరి పేజీలో కూడా రూపాయలే ఉంటే పైనో కిందో దేశం, కరెన్సీ మార్చే చోటు వెతికి డీలరు సొంత కరెన్సీ పెట్టండి. అమెరికా అయితే డాలరు, ఇంగ్లండు అయితే పౌండు. మార్చే వీలు లేకపోతే డీలరుకి రాసి డాలర్లలో ఇన్‌వాయిస్ పంపమనండి. పద్ధతైన డీలర్లు పంపుతారు.

పేపాల్‌లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. మీ కార్డు రూపాయల కార్డు కాబట్టి సాధారణంగా పేపాల్ తనే మార్చి రూపాయల్లో కట్ చేసేలా ముందే ఎంపికై ఉంటుంది. చెల్లింపు పేజీలో మారకం రేటు దగ్గరున్న లింకు నొక్కి, కార్డు ఇచ్చిన బ్యాంకే మార్చేలా పెట్టుకోండి. ఇంకో మాట. భారత్ లోపలి చెల్లింపులని పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. కాబట్టి ఇక్కడి కార్డుతో పేపాల్‌లో కడుతున్నారంటే, సైటు మీద ఏ జెండా బొమ్మ ఉన్నా, అవతలివాడు విదేశీయుడే.

ఇంతకన్నా కనిపెట్టడం కష్టమైనది ఒకటుంది. డీలరు మనవాడే, చిరునామా మన దేశమే, నాణెం కూడా ఇక్కడినుంచే వస్తుంది. కానీ అమ్మే వేదిక విదేశీ కంపెనీది, డబ్బు తీసుకునేది ఆ కంపెనీ. అప్పుడు కూడా 1.18 శాతం పడుతుంది. చూసి కనిపెట్టడానికి ఏ గుర్తూ ఉండదు. దీనికి నేను అందరికీ చెప్పే పరీక్ష ఇది. 2020 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నియమం ప్రకారం ప్రతి కార్డుకీ అంతర్జాతీయ వాడకాన్ని మనమే ఆన్, ఆఫ్ చేసుకునే వీలుండాలి. బ్యాంకు యాప్‌లో దాన్ని ఆఫ్ చెయ్యండి. తర్వాత ఆ రూపాయల ధరకి కట్టండి. చెల్లింపు జరిగిపోతే వ్యాపారి దేశంలోనివాడే, విదేశీ ఫీజు పడదు. తిరస్కరిస్తే డబ్బు బయటికే వెళ్తోంది. అప్పుడు కరెన్సీ మార్చుకుని, స్విచ్ ఆన్ చేసి, కట్టేశాక మళ్లీ ఆఫ్ చేసుకోండి. పైసా ఖర్చు లేదు. ఆ స్విచ్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచుకుంటే, దొంగిలించిన కార్డు నంబరుతో బయటి సైట్లలో కొనేవాళ్ల బెడద కూడా చాలావరకు తప్పుతుంది.

ఇప్పటికే పడిపోయిన డీసీసీ ఫీజు వెనక్కి రావడం కష్టం. కార్డు నియమాల్లో రాసే ఉంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మర్యాదగా అడిగితే, పాత ఖాతాదారుకి మొదటిసారి మాఫీ చేసిన సందర్భాలు చూశాను. అడగడంలో తప్పులేదు.

విదేశీ డీలరు బిల్లులో ఒకే నాణేనికి రెండు ధరలు

చెక్కుకి, వైర్‌కి (బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా పంపే డబ్బుకి) ఒక ధర, కార్డుకి కాస్త ఎక్కువ ధర. అమెరికా డీలర్లలో, ముఖ్యంగా బంగారం, వెండి నాణేల వాళ్లలో మామూలే. సర్‌చార్జ్ అని పేరు పెట్టి వేస్తే వీసా కార్డు మీద అక్కడి పరిమితి 2023 ఏప్రిల్ నుంచి 3 శాతం. "నగదు తగ్గింపు" అని తిప్పి రాస్తే ఆ పరిమితి వర్తించదు. మన బ్యాంకు మార్కప్ సర్‌చార్జ్ కలిపిన మొత్తం మీద పడుతుందని మాత్రం మర్చిపోకండి. తగ్గింపు కోసం ఇక్కడినుంచి వైర్ పంపాలంటే బ్యాంకు అడిగే ఫారాలు నింపాలి, బ్యాంకు రుసుము వేరే. చిన్న మొత్తానికి అది గిట్టుబాటు కాదు. కార్డు ధరే కట్టండి, లేదా ఇంకో డీలరుని చూడండి.

వేలంలో కొన్నవాళ్లకి ఇంకో గందరగోళం. పాట ఆగిన ధర మీద వేలం సంస్థ తన వాటాగా వేసే బయ్యర్స్ ప్రీమియం కార్డు చార్జీ కాదు. నగదు ఇచ్చినా కట్టాల్సిందే. పాట పాడేముందు షరతులు చదవండి.

వాపసు పంపాను, డబ్బు తక్కువ వచ్చింది

డీలరు 200 డాలర్లూ తిరిగి ఇస్తాడు. మీకు చేరే రూపాయలు మాత్రం వాపసు నమోదైన రోజు రేటుకి వస్తాయి. మొదట పడిన మార్కప్, జీఎస్‌టీ చాలా బ్యాంకులు వెనక్కి ఇవ్వవు. అందుకే సందేహం ఉన్న నాణేనికి కట్టేముందే రెండువైపులా పెద్ద ఫొటోలు, బరువు అడగండి. పాత నాణేల విషయంలో ఇంకో జాగ్రత్త. నూరేళ్లు దాటిన వస్తువుని దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం కిందకి వస్తుంది. మీరు తిప్పి పంపే గాంగ ఫణం కూడా పోస్టాఫీసు కౌంటర్లో ఎగుమతే. పురావస్తు శాఖని అడగకుండా పార్సిల్ కట్టకండి.

మిగతావి

ఈఎంఐ పెట్టుకుంటే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్‌టీ పడతాయి, నో కాస్ట్ అన్నా సరే. కొన్న రోజు రేటుకీ స్టేట్‌మెంట్ రేటుకీ చిన్న తేడా ఉంటే లావాదేవీ సెటిల్ అయిన రోజు రేటు వేశారు, అంతే. పోస్టుమ్యాన్ పార్సిల్ ఇస్తూ కట్టించుకునేది కస్టమ్స్ సుంకం, కార్డుతో పనిలేదు. నాణేల కొనుగోలుని బ్యాంకు నగదు తీసుకున్నట్టు లెక్కవేసి వడ్డీ వేయడం చాలా అరుదు. జరిగితే డీలరు బిల్లు జతచేసి బ్యాంకుకి రాయండి.

బ్యాంకు వేసిన శాతం మీ కార్డు షరతుల్లో ఉన్నదానికన్నా ఎక్కువగా తేలితే ఫోన్‌తో సరిపెట్టకండి, మెయిల్లో ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే రాయొచ్చు, రుసుము లేదు. బిల్లు, స్టేట్‌మెంట్, చివరి పేజీ స్క్రీన్‌షాట్ జతచెయ్యండి. ఆ స్క్రీన్‌షాట్ కట్టేముందే తీసి పెట్టుకోవాలి, తర్వాత దొరకదు.