స్టెతస్కోపు ఆకారంలో స్కాటిష్ జిగ్ కూర్చే విధానం

కోలాటం తెలిసినవారికి స్కాటిష్ కంట్రీ డ్యాన్స్ నేర్పడం కష్టం కాదు. చిక్కంతా కొత్తది కూర్చడంలోనే ఉంది. కోనసీమలో నర్సింగ్ విద్యార్థుల బృందానికి స్టెతస్కోపు మీద అలాంటి నృత్యం కూర్చవలసివచ్చినప్పుడు, మెడలో పరికరం వేసుకుని ఆడతామన్న వారి సూచనను మొదటే పక్కన పెట్టాను. నృత్యంలో కనిపించవలసినది పరికరం ఆకారం, వినిపించవలసినది అది వినే శబ్దం. 1940లో జర్మన్లకు చిక్కిన 51వ హైలాండ్ డివిజన్ సైనికులు ఖైదులో కూర్చిన రీల్ అనే స్కాటిష్ నృత్యంలో, నర్తకులు చేతులు కలిపి నిలిచిన వరుసలే స్కాట్లండ్ జెండా మీది ఏటవాలు శిలువను గీస్తాయి. జెండా ఎవరి చేతిలోనూ ఉండదు.

ముందు నడకను ఎంచుకోవాలి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ, కర్ణికలకూ జఠరికలకూ నడుమ ఉన్న కవాటాలు మూసుకున్నప్పుడు ఒక శబ్దం, జఠరికల నుంచి వెలువడే ధమనుల మొదట్లోని కవాటాలు మూసుకున్నప్పుడు మరొకటి వినిపిస్తాయి కనుక, ప్రతి బార్‌లోనూ రెండు దెబ్బలుండే జిగ్ ఇందుకు తగినది. మన లెక్కలో ఒక బార్ అంటే రెండు తకిటలు. దెబ్బలు నిమిషానికి నూరు దాటినా, రెండు దెబ్బలకు ఒక గుండె స్పందన కనుక, ఈ వేగం పరుగెత్తి వచ్చినవాడి గుండెది కాదు, కూర్చున్నవాడిది.

నాలుగు జంటలు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలవాలి. పురుషుల ఎడమ భుజం వాద్యాల వైపు ఉండాలి; ఆ వైపే వరుసకు పైభాగం, ఒకటో జంట చోటు. ఒక్కో ఆవృత్తిలో ఆడేది మూడు జంటలే, మిగిలినది నిలిచి ఉంటుంది. అందరూ ఆడపిల్లలే అయితే ఒక వరుసకు కండువాలు కట్టిస్తే చాలు. మొదటి నాలుగు బార్లలో ఒకటో జంట విడిపోయి, ఎవరి వరుస వెనుక వారు దిగి, రెండో జంటను దాటి లోపలికి రావాలి. ఆలోగా రెండో జంట పైకి జరగాలి. తరువాతి నాలుగింటిలో ఒకటో జంట కలిసి మూడో జంట నడుమ నుంచి దిగి, వెలుపలి నుంచి తిరిగి రెండో స్థానానికి చేరాలి. రెండు చెవుల గొట్టాలు ఒకటయ్యేది ఇక్కడే. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠలుగా చీలే గోదావరిని తిరగేసి ఊహించుకోమన్నాను. మరి వివరించే పని పడలేదు. రెండు చెవుల స్టెతస్కోపును న్యూయార్క్‌లో కామన్ అనే వైద్యుడు తీర్చిదిద్దినదీ, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినదీ 1852లోనే కావడం చిత్రమైన కలయిక.

9 నుంచి 12వ బార్ వరకు మూడు జంటలూ నిలిచినచోటనే కుడికీ ఎడమకీ పా-ద-బాస్క్ అడుగు, అంటే మూడు మోపుల చిన్న అడుగు, రెండు విడతలు వేయాలి. ఇదే గుండె చప్పుడు. కుడి అడుగు మెత్తగా, ఎడమ అడుగు కాస్త చురుకుగా పడాలి, ఎందుకంటే గుండె రెండో శబ్దం మొదటిదానికన్నా పొట్టిది, పదునైనది. 13 నుంచి 16 వరకు జంటలు రెండు చేతులూ పట్టి ఒక చుట్టు తిరగాలి. 17 నుంచి 24 వరకు ఆరుగురూ చేతులు కలిపి ఎడమకు వెళ్ళి తిరిగి వస్తే, ఛాతీ మీద ఆనించే బిళ్ళ ఏర్పడుతుంది. చివరి ఎనిమిదింటిలో ప్రతి వరుసలోని ముగ్గురూ ఎనిమిది అంకె బాటలో అల్లుకోవాలి. జడకోలాటం ఆడిన కాళ్ళకు ఇది కొత్త కాదు.

ఒకటో జంట ఇలా రెండు ఆవృత్తులు ఆడి అడుగుకు చేరితే, కొత్త జంట మొదలుపెడుతుంది; ఎనిమిది ఆవృత్తులకు అందరూ తమ చోటికి వస్తారు. కల్యాణమండపాల నున్నని గచ్చు చెమటకు జారుతుంది కనుక, సాధన తెల్లవారుజామున, గరుకు నేల మీద, మొదట సంగీతం లేకుండా నడకతో చేయించాలి.