వేడెక్కిన గాలి ఎంత ఉబ్బుతుంది? ఇంట్లోనే కొలిచి చూడండి

పీడనం మారకపోతే, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ వాయువు ఘనపరిమాణం పెరుగుతుంది. చార్లెస్ నియమం ఇదే. ఫ్రెంచ్ శాస్త్రవేత్త చార్లెస్ దీన్ని 1787లోనే గమనించినా అచ్చు వేయించలేదు. 1802లో మరో ఫ్రెంచ్ శాస్త్రవేత్త గే-లుసాక్ ప్రకటించి, ఆ ఘనత చార్లెస్‌కే ఇచ్చాడు.

వేడికి తట్టుకునే గాజు సీసా, బిగుతు మూత, మి.లీ. గీతలున్న సిరంజి, ఒక బకెట్ నీళ్లు, 100 డిగ్రీల దాకా చూపే థర్మామీటర్ తీసుకోండి. జ్వరం థర్మామీటర్ వాడొద్దు, పాడైపోతుంది.

సీసాను అంచుదాకా నింపి, ఆ నీళ్లు కొలవండి. 500 మి.లీ. పట్టాయనుకుందాం.

ఇప్పుడు దాన్ని పూర్తిగా ఆరబెట్టండి. చాలామంది ప్రయోగం చెడేది ఇక్కడే. లోపల రెండు చుక్కలు మిగిలినా అవి ఆవిరై గాలిని బయటికి నెట్టేస్తాయి. చివర్లో రావాల్సిన దానికి రెట్టింపుకు పైగా నీళ్లు సీసాలోకి వస్తాయి.

మూత వదులుగా పెట్టి, సీసాను మెడదాకా 60 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. ఉబ్బిన గాలి కొంత బయటికి పోతుంది కాబట్టి లోపలి పీడనం బయటి గాలితో సమానంగానే ఉంటుంది. నీళ్లలో ఉండగానే మూత గట్టిగా బిగించండి. చేతులు కాలకుండా చూసుకోండి. పిల్లలైతే పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

సీసాను 30 డిగ్రీల బకెట్ నీళ్లలో తలకిందులుగా ముంచి, నీటి అడుగునే మూత తీయండి. నీళ్లు లోపలికి ఎగబాకుతాయి. అయిదు నిమిషాలు అలాగే ముంచి ఉంచి, తర్వాత మెల్లగా పైకి లేపండి. లోపలి, బయటి నీటిమట్టాలు సమానమైనప్పుడే మళ్లీ పీడనం కుదిరినట్టు. అప్పుడు మూత పెట్టి బయటికి తీసి, లోపలికి వచ్చిన నీళ్లను సిరంజితో కొలవండి.

లెక్కలో సెల్సియస్ వాడితే 60 నుంచి 30కి వచ్చింది కాబట్టి గాలి సగమైపోవాలి. సీసా సగం నిండదు కదా! 273 కలిపి కెల్విన్‌లోకి (సెల్సియస్ −273ను సున్నాగా తీసుకునే కొలమానం) మార్చండి: 500 × 303 ÷ 333 = 455 మి.లీ. అంటే లోపలికి రావాల్సిన నీళ్లు 45 మి.లీ. మీకు కాస్త తక్కువే వస్తుంది. మెడ దగ్గర గాలి సరిగ్గా వేడెక్కదు, పైగా బకెట్ నీటి ఆవిరి కొంత గాలిలో కలుస్తుంది.

నాకు ఇష్టమైన లెక్క ఇంకోటుంది. 30 డిగ్రీలకు 45 మి.లీ. తగ్గితే, డిగ్రీకి 1.5 మి.లీ. ఇదే వరసలో మిగిలిన 455 మి.లీ. కూడా తగ్గిపోవాలంటే ఇంకా 303 డిగ్రీలు దిగాలి. 30లోంచి 303 తీసేస్తే −273. కెల్విన్ కొలమానంలో సున్నా సరిగ్గా అక్కడే! నిజానికి గాలి అంతకు చాలా ముందే ద్రవమైపోతుంది.