డిస్కులు వేశాక హ్యాండ్‌బ్రేక్ పట్టలేదు: నా అనుభవం

నా 1966 ఫోర్డ్ మస్టాంగ్‌కు వెనక డ్రమ్ము బ్రేకులు తీసేసి, బయట దొరికే డిస్క్ బ్రేకు కిట్ వేశాను. కాలి బ్రేకు అద్భుతంగా పనిచేసింది. డాష్ కింద ఉన్న హ్యాండ్‌బ్రేక్ పిడిని ఎంత లాగినా బండి మాత్రం మా ఇంటి వాలులో మెల్లగా జారేది.

కేబుల్ వదులుగా ఉందనుకొని ఈక్వలైజర్ (లాగుడును రెండు చక్రాల కేబుళ్లకూ సమానంగా పంచే ముక్క) దగ్గర నట్టు బిగించాను. అదే నేను చేసిన తప్పు. క్యాలిపర్ అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం. హ్యాండ్‌బ్రేక్ కూడా అందులోనే ఉండే ఈ రకంలో, కేబుల్ లాగే లివర్ పూర్తిగా వెనక్కి వచ్చి స్టాపర్‌కు ఆనితేనే లోపలి స్క్రూ ప్యాడ్ల అరుగుదలను సర్దుకుంటుంది. కేబుల్ బిగుతుగా ఉంటే లివర్ మధ్యలోనే ఆగిపోయి, ప్యాడ్లు డిస్కును పూర్తిగా వదలవు. కాస్త దూరం తిప్పేసరికి కుడి చక్రం చెయ్యి పెట్టలేనంత కాలిపోయింది!

కేబుళ్లు రెండూ ఊడదీశాను. మొదట ప్యాడ్లకూ డిస్కుకూ మధ్య సందు కిట్ కాగితంలో చెప్పినంతకు తెచ్చాను. లివర్లను చేత్తో ఆడించి, రెండూ స్టాపర్‌కు ఆనాయని చూసుకున్నాకే కేబుళ్లు తగిలించాను. వదులు పోయేంత వరకే నట్టు తిప్పాను, అంతే.

అయినా ఎడమ చక్రం సరిగా పట్టలేదు. పడుకొని చూస్తే, కేబుల్ షాక్ అబ్జార్బర్ పక్కన బాగా మడత పడి ఉంది. దాన్ని పెద్ద వంపుగా తిప్పి, సైలెన్సర్ పైపుకు దూరంగా క్లిప్ కొట్టాను. ఇప్పుడు అదే వాలులో బండి కదలకుండా నిలబడుతోంది.