టర్కీని పెద్ద నాటుకోడి అనుకుంటే వచ్చే తిప్పలు

దేవరకొండ దగ్గర మా పెరట్లో టర్కీలు తిరుగుతుంటాయి. కోతకు కాదు, ముచ్చటకు. పేరు పెట్టి పిలిస్తే వెంట వస్తాయి. మా ఇంటికొచ్చి వీటి గురించి అడిగే వాళ్ల తిప్పల్లో సగానికి మూలం ఒకటే: నాటుకోడిని పెంచినట్టే పెంచడం.

పిల్లలు దాణా పక్కనే నిలబడి చచ్చిపోతున్నాయి

తల వేలాడేసి కీచుమంటుంటాయి. మెడ కింది మేత సంచిని వేలితో తడిమితే ఖాళీగా తగులుతుంది. రోగం కాదు, ఆకలి. కోడిపిల్ల తొందరగానే నేల గీరి తినడం మొదలుపెడుతుంది, టర్కీ పిల్లకు మొదటి రోజుల్లో దాణా, నీళ్లు ఎదురుగా ఉన్నా ఆనవు. నా మొదటి విడతలో ఆరింటికి నాలుగు ఇట్లాగే పోయాయి. మిగిలిన రెండింటినీ మా నాయనమ్మ కాపాడింది. నీళ్ల పళ్లెంలో ఆడుకునే గాజు గోటీలు నాలుగు వేసింది. ఆ మెరుపును పొడవబోయి ముక్కు తడిపాయి, తడిపినంక తాగాయి. అప్పటి నుంచి ఉడికించిన గుడ్డు చిదిమి, సన్నగా తరిగిన తోటకూర కలిపి దాణా మీద చల్లుతున్నా. పచ్చరంగు కనబడితే పొడుస్తాయి.

బల్బు కింద వేడి మొదటి వారం 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడేసి తగ్గించాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి: కుప్పపడితే చలి, గోడలకు అంటుకుంటే వేడి.

కాళ్లు పక్కలకు జారిపోతున్నాయి

కింద న్యూస్ పేపర్ పరిచి ఉంటారు. తీసేసి గోనెపట్టా వేయండి. వారం దాటాక ఊక పోయొచ్చు, ముందే పోస్తే దాణా అనుకొని తింటాయి. మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని ఊకకు మనకు కరువు లేదు. అయినా కాళ్లు వంకరపోతుంటే దాణా చూడండి. టర్కీ పిల్లకు 28 శాతం దాకా ప్రోటీన్ కావాలి, మామూలు కోడిపిల్లల దాణాలో 20, 22 కంటే ఉండదు. నూకలు, మక్కలు మాత్రమే వేసి పెంచుతామంటే కుదరదు.

రెట్ట పసుపుపచ్చగా పడుతోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గంధకం రంగులో రెట్ట, రెక్కలు వేలాడటం, తిండి మానేయడం కనిపిస్తే బ్లాక్‌హెడ్ (నల్లతల) రోగమని అనుమానించాలి. పేరు చూసి మోసపోకండి, తల నల్లబడాలనేం లేదు. కోళ్ల పేగులో ఉండే చిన్న పురుగు గుడ్ల ద్వారా ఈ రోగం వస్తుంది. నాటుకోడి ఆ పురుగును మోస్తూ కూడా హాయిగా తిరుగుతుంది. దాని రెట్ట పడిన మట్టిలో పొడిచిన టర్కీకి మాత్రం కాలేయం పాడవుతుంది. పురుగు గుడ్లు మట్టిలో ఏళ్లకేళ్లు ఉంటాయి కాబట్టి కోళ్లను ఈ రోజు అమ్మేసి రేపు అదే చోట టర్కీలను వదిలినా లాభం లేదు.

జబ్బు పడినదాన్ని వేరుచేసి అదే రోజు పశువుల దవాఖానకు తీసుకెళ్లండి. రెట్టలో నెత్తురు కనబడితే అది వేరే జబ్బు కావచ్చు, దానికీ ఆలస్యం పనికిరాదు. మిగిలినవాటికి నట్టల మందు వాళ్లనడిగే వేయండి. ఆపైన కోళ్లు తిరగని జాగా చూసి జాలి కట్టడమే. పక్కింటి అత్తమ్మ కోళ్లు దడి దూరి వస్తాయి, ఆమెతో మాట పడాల్సి వస్తుంది. నేనైతే పడ్డాను.

ఎండాకాలం ముక్కు తెరిచి రొప్పుతోంది

మే నెలలో నల్లగొండ ఎండ తెలిసిందే. వేపచెట్టు నీడ, వెడల్పు మట్టి గోళెంలో చల్లటి నీళ్లు, తడిపిన గోనెపట్టాలు. దాణా పొద్దున్నే, మళ్లీ ఎండ దిగినంక.

పెంచిన చేతినే పొడుస్తోంది

ఒంటరిగా మనుషుల మధ్య పెరిగిన పుంజు మనల్ని కూడా టర్కీయే అనుకుంటుంది. జత కట్టే కాలంలో ఎదురుపడితే పోటీ పుంజు అనుకొని మీదికొస్తుంది. తోక విప్పి, తల ఎర్రబడి, ముక్కు మీద తోలు పొడవుగా వేలాడితే ఊపుమీదుందని అర్థం. వెనక్కి పరుగెత్తొద్దు, తన్నొద్దు. రెండు రెక్కలూ దగ్గరికి పట్టి, కదలడం మానేదాకా మెల్లగా అదిమి ఉంచండి. పసిపిల్లల్ని దగ్గరికి పోనీయొద్దు. ఇకపై తెచ్చేటప్పుడు ఒక్కటి తేకుండా కనీసం మూడు తెచ్చుకోండి.

గోడ ఎగిరిపోతుంటే ఒకవైపు రెక్క ఈకలు మాత్రం కత్తిరించండి. కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా గులగులమని బదులిస్తే మందేమీ లేదు. అది దాని అలవాటు.