కిర్రుమనే చెక్క నేల: బ్రిటన్‌లో పాత ఇళ్లకు కొత్తగా వచ్చినవారికి

పాత విక్టోరియన్ ఇంటిని ఫ్లాట్లుగా విడగొట్టిన చోట మీకు పై అంతస్తు దొరికితే, ముందు కాళ్ల కింద ఏముందో తెలుసుకోండి. ఇక్కడ శ్లాబు ఉండదు. చెక్క దూలాలు, వాటి మీద పలకలు, అడుగున కింది వాళ్ల సీలింగు, మధ్యలో బోలు. మీరు చిన్న రోట్లో అల్లం దంచినా వాళ్లకు వినిపిస్తుంది.

అద్దెకుంటే ఒక్క స్క్రూ కూడా దిగ్గొట్టకండి. ఏజెంటుకు మెయిల్ పెట్టి, ఈలోగా మందపాటి రగ్గు, దాని కింద ఫెల్ట్ వేసుకోండి. కొనుక్కున్న ఫ్లాటైనా లీజ్‌హోల్డ్ (భవనం, స్థలం వేరే యజమానివి, మీది దీర్ఘకాలపు హక్కు మాత్రమే) అయితే లీజు కాగితం చదవండి. కార్పెట్ తప్పనిసరి అనే షరతు చాలా లీజుల్లో ఉంటుంది. అది చూడకుండా లామినేట్ (చెక్కలా కనిపించే గట్టి పలకలు) వేసి తగాదాలు తెచ్చుకునేవాళ్లే ఎక్కువ.

ఇక కిర్రు సంగతి. ఒకరు నడుస్తుంటే ఇంకొకరు మోకాళ్ల మీద కూర్చుని మేకుల దగ్గర చూడాలి. అడుగు పడగానే పలక వెంట్రుకవాసి కిందికి దిగుతుంది, మేకు తల మాత్రం కదలదు. ఆ రాపిడే ఆ చప్పుడు. అక్కడ ఇంకో మేకు కొడితే కొన్నాళ్లకు అదీ వదులవుతుంది. మేకు పక్కనే సన్నగా రంధ్రం చేసి, పలకను దూలానికి స్క్రూతో బిగించాలి. పలక మందం సుమారు 20 మిల్లీమీటర్లయితే 50 మిల్లీమీటర్ల స్క్రూ చాలు. అసలు టెన్షన్ ఇక్కడే: హీటింగ్ పైపులను చాలాచోట్ల దూలం పైఅంచున గాడి తీసి, పలకకు ఆనించే పోనిస్తారు. పైపులు, వైర్లు పసిగట్టే డిటెక్టర్‌తో చూశాకే డ్రిల్ పట్టండి. అనుమానంగా ఉంటే పలక లేపి కళ్లతో చూడటమే మేలు.

శబ్దం తగ్గించాలంటే కిర్రు పోయాకే మొదలుపెట్టండి, పైన పరిచాక స్క్రూ వేయడం కుదరదు. దూలాల మధ్య 100 మిల్లీమీటర్ల మినరల్ ఉల్ (రాయి లేదా గాజు పీచు) నింపితే మాటలు, టీవీ చప్పుడు తగ్గుతాయి. పిల్లల గంతులకు అది పెద్దగా పనిచేయదు. అడుగుల దెబ్బను పైనే మెత్తటి పొర ఆపాలి. నా లెక్కలో మంచి అండర్‌లే (కార్పెట్ కింద వేసే మెత్తటి పొర) మీద కార్పెట్‌ను మించిన చవకైన మందు లేదు. గోడ వారల సందులను అకూస్టిక్ సీలెంట్‌తో (శబ్దం దాటకుండా సందులు పూడ్చే జిగురు) మూయండి. ఇంగ్లండ్‌లో 2003 నాటి పార్ట్ ఇ (భవన నిబంధనల్లో శబ్దం గురించిన భాగం) ప్రకారం ఇంటిని ఫ్లాట్లుగా మార్చితే, నేల గాలిలో వచ్చే శబ్దాన్ని కనీసం 43 డెసిబెల్స్ ఆపాలి, కిందికి వినిపించే అడుగుల శబ్దం 64 డెసిబెల్స్ దాటకూడదు. అంతకుముందు విడగొట్టిన ఇళ్లలో ఆ స్థాయి ఉంటుందని అనుకోకండి.

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో, గ్లాస్గో టెనమెంట్లలో (పాతకాలపు అంతస్తుల ఫ్లాట్ల భవనాలు) పలక లేపితే బూడిద, చెత్తలాంటిది కనిపించవచ్చు. పారేయకండి, అది శబ్దం ఆపడానికి అప్పట్లో నింపిందే. ఉల్ నింపే ముందు కింది వాళ్ల సీలింగులో లోపలికి బిగించిన లైట్లున్నాయేమో అడగండి. వాటి మీద ఉల్ కప్పితే వేడి పట్టి నిప్పంటుకోవచ్చు.