మాట మీద నిలబడటం – 3వ పాఠం: ఒట్టు లేకుండా మాట్లాడటం

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. వారం రోజుల పాటు నోట్లోంచి "ఒట్టు", "అమ్మతోడు", "గాడ్ ప్రామిస్" వచ్చిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో ఒక గీత, పక్కన ఎందుకన్నారో ఒక్క ముక్క. మీరు రాశారో లేదో గానీ నేను రాశాను. పదకొండు గీతలు. అందులో ఎనిమిది ఫోన్లో ఇంట్లోవాళ్లతోనే: "ఇదిగో బయల్దేరాను, ఒట్టు!" చెప్పులు కూడా వేసుకోకుండా అన్న మాట అది. నిజంగా బయల్దేరిన రోజున ఒట్టు అవసరం పడలేదు, "వస్తున్నా" అంటే సరిపోయింది.

ఇదే సంగతి బైబిల్లో మత్తయి సువార్త 26వ అధ్యాయంలో, యేసు శిష్యుడు పేతురు దగ్గర కనిపిస్తుంది. యేసును పట్టుకెళ్లిన రాత్రి, నువ్వూ ఆయనతో ఉన్నవాడివే కదా అని ఒక పనిపిల్ల అన్నప్పుడు మామూలుగా "నాకు తెలియదు" అన్నాడు. రెండోసారి ఒట్టు పెట్టుకుని అన్నాడు. మూడోసారి శపించుకుంటూ ఒట్లు పెట్టుకున్నాడు. మూడుసార్లూ అబద్ధం ఒక్కటే, పెరిగింది ఒట్టే. మీ పుస్తకంలోని గీతల పక్కన మాటలు మళ్లీ ఒకసారి చదవండి. ఒట్టు ఎక్కడ పడిందో అక్కడ మాట ఎంత గట్టిగా ఉందో చూడండి.

ఇప్పుడు అసలు పాఠ్యభాగం, మత్తయి 5:33-37. మోషే ధర్మశాస్త్రం ప్రమాణాన్ని నిషేధించలేదు. దేవుని పేరున అబద్ధ ప్రమాణం చేయొద్దని లేవీయకాండము 19:12 అంటుంది, మొక్కుకున్నా ప్రమాణం చేసినా మాట తప్పకూడదని సంఖ్యాకాండము 30:2 అంటుంది. అయితే జనం దాంట్లో సందులు వెతికారు. దేవాలయం తోడు అంటే లెక్కలేదట, దేవాలయంలోని బంగారం తోడు అంటే మాత్రం కట్టుబడాలట. మత్తయి 23లో యేసు వాళ్లను ఏకిపారేసింది ఇందుకే. మనకిది కొత్తేమీ కాదు. చిన్నప్పుడు ఒట్టేసి, వెంటనే "తూచ్" అనేవాళ్లం. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అన్నది మన సామెతే.

అందుకే యేసు "ఎంతమాత్రము ఒట్టుపెట్టుకొనవద్దు" అన్నాడు. ఆకాశం, భూమి, యెరూషలేము, చివరికి సొంత తల కూడా వద్దన్నాడు. మనం పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తాం కదా, ఆ మాట దగ్గర ఆగండి. ఒక్క వెంట్రుకను తెల్లగా గానీ నల్లగా గానీ చేయలేవు అంటాడు. (సండే స్కూల్లో ఒక పిల్లాడు "డై వేసుకోవచ్చు కదండీ" అన్నాడు. పదిహేను రోజులాగి మొదళ్లు చూడరా అన్నాను.) మనది కాని తలను పూచీగా పెట్టడం ఏమిటన్నది ఇక్కడి ప్రశ్న. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అన్నప్పుడు, ఒట్టేసిన మాట, ఒట్టెయ్యని మాట అని రెండు రకాలు ఉండకూడదనే నాకు అర్థమైంది. యాకోబు 5:12 కూడా ఇదే చెబుతుంది.

మరి కోర్టులో ఎలా? సంఘాలు ఇక్కడ ఒక్క మాట మీద లేవు. ఇంగ్లండ్‌లో పుట్టిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ప్రమాణం చేయనని జైళ్లకు పోయారు. 1527లో స్విట్జర్లాండ్‌లోని ష్లైట్‌హైమ్‌లో అనబాప్టిస్టులు (పసిపిల్లలకు కాదు, నమ్మినవాళ్లకే బాప్తిస్మం అన్నవాళ్లు) రాసుకున్న విశ్వాసపు ఒప్పుకోలులోనూ ప్రమాణం వద్దనే ఉంది. ఆ పరంపరకు చెందిన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు మన మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఉన్నాయి. ఆంగ్లికన్ల (ఇంగ్లండ్ సంఘం వాళ్ల) విశ్వాస సూత్రాల్లో 39వ ఆర్టికల్ మాత్రం, వృథాగా ఒట్టేయొద్దు గానీ అధికారి అడిగితే సత్యంగా ప్రమాణం చేయొచ్చని అంటుంది. అపొస్తలుడైన పౌలు కూడా 2 కొరింథీయులు 1:23లో దేవుణ్ణి సాక్షిగా పిలిచాడు. మన దేశంలో ఈ ఇబ్బంది లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుని పేరున ప్రమాణం చేయొచ్చు, అది వద్దనుకుంటే నిజమే చెబుతానని ధ్రువీకరించినా చాలు. ఏది ఎంచుకున్నా అబద్ధం చెబితే శిక్ష ఒకటే. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. దేవుని పేరున ప్రమాణం చేసినవాణ్ణి తప్పుపట్టను.

నిజానికి మనకు కోర్టు కంటే చర్చి గుమ్మం దగ్గరే కష్టం. "బుధవారం కూటానికి వస్తారా?" "ప్రభువు చిత్తమైతే వస్తానండి." యాకోబు 4:15లో అది వినయం. మన నోట్లో చాలాసార్లు రానని మర్యాదగా చెప్పడం. "మీకోసం ప్రార్థన చేస్తానండి" కూడా అంతే. ఎంతమందికి చెప్పి మర్చిపోయానో నాకే తెలియదు.

ఈ వారం సాధన అందుకే ఈ రెండు మాటల మీద. వెళ్లలేని చోటికి "రాలేనండి" అని చెప్పండి, కారణం అల్లొద్దు. వెళ్లేదుంటే "ఏడింటికి వస్తా" అని టైమ్‌తో సహా చెప్పండి. "ప్రార్థన చేస్తా" అనబోయినప్పుడు అక్కడే నిలబడి రెండు నిమిషాలు చేసేయండి. లేదంటే ఆ పేరు పుస్తకంలో రాసి, రాత్రి ప్రార్థన చేశాకే కొట్టేయండి. మొదటి రెండు రోజులు "రాలేను" అనడానికి టెన్షన్‌గానే ఉంటుంది. ఎదుటివాళ్లు నొచ్చుకున్నా సర్దిచెప్పడానికి ఇంకో మాట ఇవ్వకండి, అక్కడే మళ్లీ ఇరుక్కుంటాం.

వచ్చే పాఠానికి న్యాయాధిపతులు 11, యెహోషువ 9 చదివి రండి. యెఫ్తా తొందరపడి మొక్కుకున్నాడు. యెహోషువ మోసపోయి గిబియోనీయులకు మాటిచ్చాడు. ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. ఎవరు నిలబెట్టుకోకుండా ఉండాల్సిందో, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాసి పెట్టుకోండి.